పెద్దవుతున్న పిల్లలు, తరగని వైద్యాలు

(పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటిజం గురించి మాట్లాడమని మీరు అడిగినప్పుడు కొంచెం తటపటాయించాను. నేను డాక్టర్ని కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. తర్వాత పటాన్‌చెరు గుర్తొచ్చింది. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేద స్త్రీలకు నెట్ ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ఇవ్వడానికి క్యాంపు పెట్టారు. అది ప్రయోగమని వాళ్లకు చెప్పలేదు. స్త్రీ శక్తి సంఘటన సభ్యులు వెళ్లి జరుగుతున్నదేమిటో ఆ స్త్రీలకు వివరించారు. 1986లో ఆ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మన ముందుతరం అప్పుడు అడిగినవి చాలా మామూలు ప్రశ్నలు. ఇది ఏం మందు, ఎందుకు ఇస్తున్నారు, తర్వాత ఏమవుతుంది, వద్దంటే ఏం చేస్తారు? వీటిని అడగడానికి వైద్య పట్టా అక్కర్లేదు. అవే ప్రశ్నలు పట్టుకుని ఇవాళ మీ ముందుకు వచ్చాను.

ఒక తల్లి గురించి చెప్తాను. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. జగిత్యాల వైపు ఒక ఊరు. ఆమె బీడీలు చేస్తుంది. భర్త గల్ఫ్‌లో ఉంటాడు. కొడుక్కి పద్నాలుగేళ్లు, మాట రాలేదు. నాలుగేళ్లప్పుడు హైదరాబాదు తీసుకెళితే ఆటిజం అన్నారు, వారానికి మూడు రోజులు థెరపీకి తీసుకురమ్మన్నారు. బీడీల మీద బతికే మనిషి వారానికి మూడుసార్లు పట్నం ఎట్లా పోతుంది? నాలుగుసార్లు పోయి మానేసింది. ఇప్పుడు వాడికి మూతి మీద మీసం వస్తోంది. తల్లికంటే ఎత్తు పెరిగాడు. తట్టుకోలేనప్పుడు తల గోడకేసి కొట్టుకుంటాడు, ఆపబోతే ఆమె చెయ్యి కొరుకుతాడు.

ఈ పదేళ్లలో ఆమె ఏమేం చేసిందో వరసగా చెప్పించుకున్నాను. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు. కొండగట్టు మీద కొన్ని రాత్రులు నిద్ర. నోరు తెరిచి మాట్లాడతాడేమోనని బాసరలో రెండోసారి అక్షరాభ్యాసం. ఒక పెద్దమనిషి ఇచ్చిన పసరు. మెడలో తాయెత్తు. నెలకోసారి లాడ్జిలో గది తీసుకుని చూసే ఒకాయన తెల్ల గోలీలు. పేరూ చిరునామా లేని డబ్బాలో నల్ల లేహ్యం. ఇప్పుడు ఎవరో మూలకణాల చికిత్స గురించి చెప్పారు. లక్షల్లో ఖర్చు. భర్త ఫోన్‌లో జాగ అమ్ముదామంటున్నాడు. ఆమె నన్ను అడిగింది: "అక్కా, చేయిస్తే ఒక తప్పు, చేయియ్యకుంటే ఇంకో తప్పు. నన్ను ఏ తప్పు చేయమంటవ్?"

నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. అంతకు కొన్నేళ్ల ముందైతే ఉండేది. అప్పట్లో ఒక ఊళ్లో మీటింగులో, గుళ్లలో పడుకోబెట్టడం, తాయెత్తులు కట్టడం మూఢనమ్మకాలని గట్టిగా మాట్లాడాను. ఒకామె మధ్యలోనే లేచి వెళ్లిపోయింది. తర్వాత నేనే వాళ్లింటికి వెళ్లాను. ఆమె నాతో కోపంగా ఏమీ అనలేదు. "గుళ్లె నా కొడుకు ఒర్రితే మమ్ముల ఎవ్వరు బయటికి పొమ్మనలె. దవాఖానల పొమ్మన్నరు" అంది, అంతే. మనం విజ్ఞానం, మూఢత్వం అని గీత గీసుకుని కూర్చుంటే ఈ మాటను ఎక్కడ పెట్టాలో తెలియదు. ఆ గుడి వాడికి వైద్యం చేయలేదు. కానీ వాళ్లిద్దర్నీ రానిచ్చింది.

ఆటిజం అంటు కాదు, శాపం కాదు. మెదడు ఎదిగే తీరులో తేడా. మాట, నలుగురితో మెలగడం, శబ్దాన్నీ వెలుతురునీ స్పర్శనీ తట్టుకోవడం, ఇవన్నీ ఆ పిల్లల్లో వేరుగా ఉంటాయి. ఒకరికీ ఒకరికీ పోలిక ఉండదు. జీవితాంతం ఉండేది కాబట్టి దాన్ని మాయం చేసే మందు ఏ వైద్యంలోనూ లేదు. చట్టానికి ఈ మాట తెలియడానికే చాలాకాలం పట్టింది. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో చేరింది. 2016 చట్టం 21 రకాల వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. ఈ తల్లి కొడుకు పాత కాగితంలో బుద్ధిమాంద్యం అని మాత్రమే ఉంది.

ఇక నన్ను బాగా ఆలోచింపజేసిన విషయం, పెద్ద పిల్లల తల్లిదండ్రులే ఎందుకు ఇన్ని వైద్యాల చుట్టూ తిరుగుతారు అన్నది. ఎక్కడికి వెళ్లినా "చిన్నప్పుడే తెచ్చి ఉండాల్సింది" అంటారు. ముందుగా గుర్తించడం మంచిదే, కాదనను. కానీ ఆ నినాదానికి ఒక నీడ ఉంది. పద్నాలుగేళ్ల పిల్లవాడి తల్లికి అది "నీ గడువు అయిపోయింది, తప్పు నీదే" అని వినబడుతుంది. 2013లో మొదలైన బాల స్వాస్థ్య కార్యక్రమం పద్దెనిమిదేళ్ల దాకా వర్తిస్తుంది. జిల్లా స్థాయిలో దాని కింద పెట్టే కేంద్రం పేరులోనే 'తొలి దశ' అని ఉంది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అక్కడ పనిచేసే టీచర్లలో కొందరు ఇక్కడే కూర్చున్నారు. అన్ని రకాల వైకల్యాల పిల్లల్నీ మీరే చూడాలి, మళ్లీ ఇళ్లకూ వెళ్లాలి. మీసాలొచ్చిన పిల్లవాడు చెయ్యి విసిరితే ఒక్క టీచరు ఏం చేయగలదు? ఉట్నూరు వైపు అయితే గోండీ, కొలామీ మాట్లాడే ఇంటి బిడ్డను తెలుగులో పరీక్షిస్తే మాట రాదనుకోవచ్చు. లేదా నిజంగా ఆటిజం ఉన్నా భాష తెలియకనే అని వదిలేయవచ్చు. ఇట్లా ఒక్కొక్క తలుపూ మూసుకున్న చోట, "నా దగ్గరికి తీసుకురా, బాగుచేస్తా" అనేవాడు నిలబడి ఉంటాడు. వాడికి వయసు పట్టింపు లేదు.

రెండో కారణం, నింద. "గ్రహణం నాడు బయట తిరిగినవ్", "నీ కడుపు మంచిది కాదు" అని అత్తగారంటే మనం వెనుకబాటుతనం అంటాం. కానీ అమెరికాలో పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు ఇదే మాట ఇంకో రకంగా అన్నారు. 1943లో ఆటిజాన్ని మొదట వివరించిన లియో కానర్, తర్వాత కొన్నేళ్లకు ఈ పిల్లల తల్లిదండ్రులను ఫ్రిజ్‌తో పోల్చాడు, చల్లటి మనుషులన్నాడు. షికాగో ప్రొఫెసర్ బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో అచ్చేసిన పుస్తకంలో తల్లి ప్రేమరాహిత్యమే కారణమని వాదించాడు. ఒక తరం తల్లులు ఆ మాట మోశారు. అది తప్పని తేలింది గాని, తల్లి మీద వేసిన చూపు మాత్రం పోలేదు. అందుకే ఆమె ఏ వైద్యాన్నీ వద్దనలేదు. వద్దంటే తల్లి కాదంటారు. జాగ అమ్మాలనే మాట భర్తది, మొక్కు అత్తది, లేహ్యం సలహా మరిదిది. దారి ఖర్చూ, బస్సులో జనం చూపులూ, మూడు పూటలా నోరు తెరిపించి మందు పోయడమూ ఆమె వంతు. ఆ రోజు బీడీలు తగ్గితే ఆ కోత కూడా ఆమెదే. చెల్లెలు బడి మానేసి అన్నకు కాపలా ఉంటే ఆ లెక్క ఎవరి ఖాతాలోనూ పడదు.

ఇప్పుడు వైద్యాల సంగతి. అన్నిటినీ ఒకే గంపలో వేయకూడదు. మొక్కు వేరు, పసరు వేరు, సూది వేరు.

అన్నిటికంటే ముందు ఒక కథ చెప్పాలి. 1998లో అమెరికాలో సెక్రిటిన్ అనే హార్మోను సూది వేస్తే ముగ్గురు ఆటిజం పిల్లలు మెరుగయ్యారని వార్త వచ్చింది. వేలమంది తల్లిదండ్రులు పరుగెత్తారు. 1999లో 60 మంది పిల్లలతో పరీక్ష చేశారు. సగం మందికి సెక్రిటిన్, సగం మందికి ఉత్త ఉప్పునీళ్లు. ఎవరికి ఏది పడిందో తల్లిదండ్రులకు తెలియదు. రెండు గుంపుల్లోనూ పిల్లలు ఒకేలా మెరుగైనట్టు కనబడ్డారు. అంటే మందు చేసిందేమీ లేదు. ఈ సంగతి చెప్పాక కూడా తల్లిదండ్రుల్లో 69 శాతం మంది ఆ మందు మీద ఇంకా ఆసక్తి ఉందనే అన్నారు. వాళ్లు అమెరికాలో చదువుకున్న మనుషులు. కాబట్టి మన జగిత్యాల తల్లిని చూసి ఎవరూ నవ్వనక్కర్లేదు. ఆటిజం పిల్లలకు మంచి నెలలు, చెడ్డ నెలలు ఉంటాయి. చెడ్డ నెలలోనే మనం మందు వెతుక్కుంటాం. తర్వాత మంచి నెల వస్తే పేరు మందుకు పోతుంది.

పేరు లేని లేహ్యాల విషయంలో నాకు భయం ఎక్కువ. 2004లో అమెరికాలో బోస్టన్ పరిసరాల దుకాణాల్లో దొరికే మన ప్రాంతపు ఆయుర్వేద మందులు 70 పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో బయటపడింది. సీసం పిల్లల మెదడుకే హాని చేస్తుంది. అవన్నీ డబ్బా మీద పేరు ఉన్నవే! ఆయుర్వేదమంతా విషమని నేను అనడం లేదు. డబ్బా మీద ఏముందో రాయని మందును బిడ్డ నోట్లో పోయవద్దంటున్నాను. అటు పక్కన, ఒంట్లో పాదరసం తీసేస్తామని చెప్పి కీలేషన్ చేసేవాళ్లున్నారు. 2005లో పెన్సిల్వేనియాలో అయిదేళ్ల ఆటిజం బాలుడు ఆ సూది వల్ల కాల్షియం పడిపోయి చనిపోయాడు. ఒకరు లోహం పోస్తారు, ఇంకొకరు లోహం తీస్తారు. ఇద్దరికీ డబ్బు కట్టేది తల్లే.

పెద్ద పిల్లల్లో ఇంకో ప్రమాదం ఉంది. ఆటిజం ఉన్నవారిలో కొందరికి యుక్తవయసులో కొత్తగా మూర్ఛ మొదలవుతుంది. మూర్ఛకు ఇంగ్లీషు మందు వాడుతున్న పిల్లలకు "మా మందు పనిచేయాలంటే అది ఆపేయాలి" అని చెప్పేవాళ్లను నేను చూశాను. అది ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం మెత్తగా మాట్లాడొద్దు, గట్టిగా అడ్డుపడండి.

పథ్యం గురించి. గోధుమ, పాలు మానిపించమంటారు. జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో దానివల్ల స్పష్టమైన లాభం కనబడలేదు. గోధుమ మానమని చెప్పడానికి ఫీజు తీసుకోవడం చూస్తే నాకు నవ్వొస్తుంది, మన అమ్మమ్మలు జొన్న గట్క తినే బతికారు. పాలు, పెరుగు మానిపించడం మాత్రం నవ్వే సంగతి కాదు. ఈ పిల్లల్లో చాలామంది మూడు నాలుగు రకాలకు మించి తినరు. పెరుగన్నం ఒక్కటే తినే పిల్లవాడికి పెరుగు తీసేస్తే ఇక వాడు తినేదేమిటి?

మూలకణాల చికిత్స మాట సూటిగా చెప్తాను. ఆటిజానికి అది పనిచేస్తుందనడానికి సరైన రుజువు లేదు. అనుమతి పొందిన ప్రయోగాల్లో తప్ప చేయకూడదని 2017 నాటి జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. దాన్ని సిఫారసు చేయడం, ప్రచారం చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుందని 2022 డిసెంబరులో జాతీయ వైద్య కమిషన్‌కు చెందిన నైతిక బోర్డు అంది. ప్రయోగమైతే దాని ఖర్చు రోగి మీద వేయకూడదు. చికిత్సని చెప్పి లక్షలు తీసుకుంటున్నారంటే ఏదో ఒకటి అబద్ధం.

ఇంగ్లీషు వైద్యాన్ని వదిలేస్తున్నానని అనుకోకండి. రిస్పెరిడోన్ అనే మందును 2006లో అమెరికా ఆమోదించింది ఆటిజానికి కాదు, ఆటిజం పిల్లల్లో వచ్చే తీవ్రమైన చికాకుకూ, దాడి చేయడానికీ. కొందరికి పనికొస్తుంది. బరువు పెంచుతుంది, ఆడపిల్లల్లో నెలసరి తప్పవచ్చు. ఎన్నాళ్లు వాడాలో, ఎప్పుడు తగ్గించాలో చెప్పకుండా చీటీ రాసి పంపే డాక్టరును కూడా ఆ లాడ్జి గది ఆయన్ని అడిగినట్టే అడగాలి.

ఆడపిల్లల మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి. మంచిర్యాల వైపు బొగ్గుగని కుటుంబంలో పదిహేనేళ్ల అమ్మాయి. నెలసరి వచ్చినప్పుడు బట్ట ఉంచుకోదు, తీసి పారేస్తుంది. ఆ అయిదు రోజులూ తల్లి ఆమెను గదిలోంచి బయటికి రానివ్వదు. చుట్టాల్లో ఒకరు గర్భసంచి తీయించమని సలహా ఇచ్చారు. "రేపు ఏమైనా జరిగితే కడుపన్నా రాకుండ ఉంటది" అన్నారట. 1994లో మహారాష్ట్రలోని శిరూర్ ప్రభుత్వ హోమ్‌లో ఉన్న బుద్ధిమాంద్యం గల అమ్మాయిలకు పుణె సాసూన్ ఆసుపత్రిలో సరిగ్గా ఇదే చేశారు. అప్పుడూ శుభ్రత కోసమే అన్నారు. మహిళా సంఘాలు దేశమంతటా నిరసన తెలిపాయి. గర్భసంచి తీసేస్తే అత్యాచారం ఆగదు, అత్యాచారం జరిగిందన్న రుజువు ఆగుతుంది. 2016 చట్టం పదో సెక్షన్ ప్రకారం, వైకల్యం ఉన్న మనిషికి ఇష్టపూర్వకమైన, తెలిసిన సమ్మతి లేకుండా సంతానం లేకుండా చేసే ఏ వైద్యమూ చేయకూడదు. మన జిల్లాల్లో ముప్పై ఏళ్లకే గర్భసంచి పోగొట్టుకున్న ఆడవాళ్లు ఎందరో మీకు తెలుసు. ఆ ఆపరేషన్ ఎంత సులువుగా చేసేస్తారో నేను చెప్పనక్కర్లేదు. ఈ అమ్మాయికి కావలసింది ఆపరేషన్ కాదు. నెలసరి రాకముందు నుంచే బొమ్మలతో చూపించి, వట్టి ప్యాడ్ రోజుకు కొంతసేపు అలవాటు చేసే మనిషి. బట్ట గరుకు తట్టుకోలేకపోతోందేమో, మెత్తటిది పెట్టి చూశారా అని అడిగితే తల్లి ఆశ్చర్యపోయింది. ఆ మాట ఆమెతో అంతవరకు ఎవరూ అనలేదు.

మాట రాని బిడ్డ సమ్మతి ఎట్లా తెలుస్తుంది అని అడుగుతారు. పిల్లలకు తమ విషయంలో తమ మాట చెప్పే హక్కుందన్న బాలల హక్కుల ఒడంబడికలో మన దేశం 1992లో చేరింది. వికలాంగుల హక్కుల ఒడంబడికను 2007లో ఆమోదించింది. వాటిని కాసేపు పక్కన పెట్టండి. పసరు చెంచా చూడగానే మొహం తిప్పుకుని, పళ్లు బిగించి, గోడ వైపు జరిగే పద్నాలుగేళ్ల పిల్లవాడు మాట్లాడటం లేదని ఎట్లా అనగలం? చిన్నప్పుడు ఒళ్లో అదిమిపట్టి పోసేవారు. ఇప్పుడు ఇద్దరు మనుషులు కావాలి. మందు పోయడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చిన రోజే ఆ మందు గురించి మళ్లీ ఆలోచించాలి. నా వరకు ఇది తిరుగులేని మాట. కట్టేయడం, వాతలు పెట్టడం సంగతి చెప్పేదే లేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో, దర్గా దగ్గర నయమవుతుందని వదిలిన మానసిక రోగులు గొలుసులతో ఉండగానే నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. గుడికి పోవద్దని తల్లులకు చెప్పకండి. ఎక్కడైనా తాడు కనిపిస్తే మాత్రం ఊరుకోకండి.

జగిత్యాల తల్లి దగ్గరికి మళ్లీ వస్తాను. నేను ఆమెకు తీర్పు చెప్పలేదు. గోడ మీద పాల లెక్క రాసే క్యాలెండర్ ఉంది. వాడు తల కొట్టుకున్న రోజు ఒక గీత పెట్టమన్నాను. లేహ్యం ఇచ్చిన నెల, ఇవ్వని నెల, మిగతావేవీ మార్చకుండా. రెండు నెలల తర్వాత చూస్తే గీతలు ఇంచుమించు సమానం. కానీ మూడు నాలుగు రోజుల చొప్పున గుంపులుగా ఉన్నాయి. ఆశా కార్యకర్త అది చూసి, ఆ రోజుల్లో వాడు దవడ పట్టుకుంటాడా అని అడిగింది. పట్టుకుంటాడు. పళ్ల డాక్టరుకు చూపిస్తే రెండు దవడ పళ్లు పుచ్చి ఉన్నాయి. తీయించాక తల కొట్టుకోవడం తగ్గింది, పూర్తిగా పోలేదు. పదేళ్లలో అన్ని వైద్యాలూ ఆటిజానికే చేశారు, వాడి నోరు తెరిచి చూసినవాళ్లు లేరు. హఠాత్తుగా ఇట్లాంటి మార్పు వస్తే ముందు పన్ను, చెవి, మలబద్ధకం, మూర్ఛ చూడమని మీరు మీ ఊళ్లలో చెప్పండి. నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమా లక్ష రూపాయల దాకా ఉంది, బయటి రోగిగా చూపించుకున్న ఖర్చు కూడా ఇస్తుంది. దానికి ముందు వైకల్య ధ్రువపత్రం ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండాక చట్టబద్ధ సంరక్షకత్వం కోసం కలెక్టర్ ఆధ్వర్యంలోని స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాడికి ఇంకా నాలుగేళ్లుంది.

లేహ్యం ఆపేసింది. జాగ అమ్మడం ప్రస్తుతానికి ఆగింది. భర్త ఇంకా ఫోన్‌లో అడుగుతూనే ఉన్నాడు. వేములవాడ మాత్రం మానలేదు. నేనేమీ అడగకముందే, "దేవుడైతే జాగ అమ్ముమంటలేడు గదక్కా" అంది. మొన్న ఫోన్ చేసింది. కొత్త ధ్రువపత్రానికి మెడికల్ బోర్డు తేదీ వచ్చిందట. వాడు లైన్‌లో నిలబడలేడు, ఎవరైనా తోడొస్తే ఒకరు లైన్‌లో ఉంటే తాను వాడితో చెట్టు కింద ఉంటానంటోంది. ఆమెను అడిగే ఆ తేదీ, ఊరు మీ సమన్వయకర్తకు రాసిచ్చాను.